గడ్డ అంచున రొప్పం

2023 అక్టోబరు 12

ఈయప్ప కండ్లు పచ్చగా ఉండాయని నేను మొన్ననే చెప్పినా. ఎండకు తిరిగినందుకంట. ఒళ్లంతా దురదంటే కొత్త సబ్బుదంట. ఇరవై ఆరేండ్లుగా జమ్మలమడుగు కాలేజీలో ఇంటర్ పిల్లోళ్లకు జువాలజీ చెప్పేదాన్ని, కాలేయం బొమ్మ కండ్లు మూసుకోని బోర్డు మీద గీస్తా, కట్టుకున్నోడి కాడ మాత్రం నా మాట చెల్లదు. మా ఆయన పుల్లన్నకు పార్టీ ఆఫీసులో చెప్పే మాటలే మాటలు.

ఏం ఉండదులే. గ్యాస్ ట్రబులు.

అక్టోబరు 19

గ్యాస్ ట్రబులు కాదు.

అక్టోబరు 27

బెంగుళూరు నుంచి వచ్చినాం. క్లోమం తలలో గడ్డ. పిత్తనాళాన్ని ఒత్తుతాంది, అందుకే కామెర్లు. లోపల గొట్టం పెట్టినారు, కండ్లు తెల్లబడినాయి. గడ్డ పక్కనే పెద్ద రక్తనాళానికి ఆనుకోని ఉందంట, ఇప్పుడే కోస్తే కుదరదంట. ముందు కీమో పెట్టి, తగ్గితే అప్పుడు ఆపరేషను. రెండు వారాలకొకసారి, ఇచ్చిన తేదీకి రావాల్సిందేనని కీమో డాక్టరు గట్టిగా చెప్పినాడు. ఈయప్ప నవ్వినాడు. డాక్టరుకు ఆ నవ్వు అర్థం కాలేదు, నాకైంది.

మా ఇంట్లో ఒక చట్టముంది. యాడికి పోతాండాం, ఎప్పుడు పోతాండాం అనేది ముందుగా నోటితో అనకూడదు. పోయిన దావన తిరిగి రాకూడదు. మా పెండ్లికి మగపెండ్లివారు తూర్పు నుంచి వస్తారని మా నాయన మేళం పెట్టుకోని నిలబడితే, వీళ్లు పడమటి చేలల్లోంచి దిగినారు. పెండ్లికొడుకు ప్యాంటుకు పల్లేరుకాయలు. మా అమ్మ సచ్చేదాకా ఆ కత చెప్పి నవ్వేది.

నవ్వే కత కాదు. మా మామకు, ఈయప్ప వాళ్ల నాయనకు, గొర్లుండేవి. ప్రతి శనివారం సంతకు ఒకే బస్సులో, ఒకే సీట్లో కూర్చోని పోయేవాడంట. ఒక శనివారం కల్వర్టు కాడ ఆ బస్సును ఆపి దించి నరికినారు. పార్టీలు రెండు, ఊరు ఒకటి, ఇంక చెప్పేదేముంది. ఈయప్పకు అప్పటికి మీసం కూడా సరిగ్గా రాలేదు. కేసులో రెండో ముద్దాయి చిన్నసుబ్బయ్య, వరసకు మాకు మామే అయితాడు. బస్సు నిండా జనముండి సాక్షి ఒక్కడు లేడు. కేసు కొట్టేసినారు. అప్పటినుంచి మా ఇంట్లో తేదీలు లేవు.

ఈ డైరీలో కూడా పోయొచ్చినాకే రాస్తా. రేపు అనే మాట ఇంతవరకు ఒక్క పేజీలో రాయలేదు. భయమని కాదు. అలవాటు.

నవంబరు 9

మొదటి కీమో అయింది. ఎదలో తోలు కింద చిన్న బిళ్ల పెట్టినారు, దాంట్లోకి సూది. ఆసుపత్రిలో ఎక్కించింది కాక, ఇంటికి ఒక సీసా ఇచ్చి పంపినారు. దాని లోపల నిమ్మకాయంత బుడగ. రెండు రోజులపాటు అది మెల్లగా సొట్టపోతా మందును ఒంట్లోకి తోస్తాది. నడుముకు కట్టుకోని తిరగొచ్చు.

ఈ మహానుభావుడు దాన్ని చొక్కా కింద దాచుకోని పార్టీ మీటింగుకు పోయినాడు. గంటసేపు మాట్లాడినాడంట. బయట అందరికీ నడుము నొప్పని చెప్పినాం. నడుము పట్టీ అనుకున్నారు. అదీ మంచికే.

ఆసుపత్రిలో ఒకమ్మాయి "యశోదమ్మ మేడం" అని పిలిచి కాళ్లకు దండం పెట్టబోయింది. మైమూన్! నా దగ్గర బైపీసీ చదివింది, వాళ్ల నాయన కువైట్‌లో ఉండేవాడు. ఇప్పుడు ఆ ఆసుపత్రిలోనే పాథాలజీ డాక్టరు. కోసిన ముక్కలను అద్దాల కింద చూసి జబ్బు సంగతి చెప్పే పని. ఎందుకొచ్చినారని అడిగింది. నడుము నొప్పి అనబోయి, ఆ బిడ్డ మొగం చూసి నిజం చెప్పేసినా.

డిసెంబరు 16

ఈసారీ ఆలస్యంగానే పోయినాం. ఆసుపత్రిలో శుక్రవారం వస్తామని చెప్పించి, ఈయప్ప సోమవారం బయల్దేరదీసినాడు. పోయినసారి కూడా అంతే. కీమో డాక్టరు ఈసారి తెలుగులో తిట్టినాడు, తమిళాయన పాపం, తిట్టడానికే నేర్చుకున్నట్టుండాడు. మందు పడినాక తెల్లకణాలు పడిపోతాయి, మళ్లీ లేస్తాయి, ఆ లెక్క చూసి తేదీ పెడతాం, నీ ఇష్టానికి జరిపితే గడ్డకు ఊపిరి పీల్చుకోనిచ్చినట్టే అని. ఈయప్ప అంతా విని తల ఊపినాడు. బయటికొచ్చి, ఆయనకేం తెలుసు మన సంగతి అన్నాడు.

గడ్డకు మాత్రం ఏం తెలుసప్పా మన సంగతి. అది పార్టీలు చూసి పెరుగుతాందా?

జనవరి 3

చల్లటిది ముట్టుకుంటే చేతులు జివ్వుమంటాండాయి. మందు గుణమంట. స్టీలు గ్లాసు పట్టుకోలేకపోతాండాడు. ఉన్ని చేతితొడుగులు తొడిగినా. వాటిని చూసుకుంటా, ఎప్పుడూ లేంది, వాళ్ల నాయన మాటలు తీసినాడు.

చలికాలం గొర్లను తోలుకోని దూరం పోయేవాళ్లంట. పరాయి చేన్లో పొద్దుగూకితే ఆడనే కంపకొట్టి, గొర్లు రాత్రికి నిలిచే దొడ్డి, రొప్పం వేసేవాళ్లు. గొర్రెపిల్లలు నడిమిట్ల, ఈనిన తల్లులు వాటి సుట్టూ, పొట్టేండ్లు కంపకు ఆనుకోని. తెలిసిన ఊర్లో అయితే ఎవుడైనా రొప్పం వేస్తాడు, తెలియని నేల మీద వేసేవాడే గొర్లోడని మా మామ అనేవాడంట. చెప్తా చెప్తా నిద్రపోయినాడు. ముప్పై ఏండ్ల కాపురంలో వాళ్ల నాయన ఎట్ల పోయినాడో విన్నా, ఎట్ల బతికినాడో ఈ పొద్దే విన్నా.

జనవరి 20

బాగుండాడు. రెండు దోసెలు తిన్నాడు. నాకు భయం లేదు.

ఫిబ్రవరి 11

మూడు రోజులైంది, ఇప్పుడు రాస్తా.

గురువారం పొద్దున ఈయప్పకు చలిజ్వరం. దుప్పటి మీద దుప్పటి కప్పినా వణుకు నిలవలేదు. ఇట్లాంటిదొస్తే బెంగుళూరు దాకా రావద్దు, దగ్గరున్న ఆసుపత్రిలో వెంటనే సూది వేయించండి, తెల్లకణాలు లేనప్పుడు జ్వరమంటే ప్రాణం మీదికే అని డాక్టరు మొదటి రోజే చెప్పినాడు. ప్రొద్దుటూరులో ఆసుపత్రులకేం కొదువ. మా ఇంటికి రెండు వీధుల అవతలే ఒకటుంది. ఈయప్ప వద్దన్నాడు. ఆడ చేరితే పొద్దుగూకేలోపల ఊరంతా తెలుస్తాదంట. ఎలక్షన్ల ముందర పుల్లన్న పనైపోయిందంటారంట. చిన్నసుబ్బయ్య మనుషులు ఊర్లోకి దిగుతారంట. బెంగుళూరికే పోదాం, అదీ ముద్దనూరు దావన వద్దు, కమలాపురం మీద చుట్టుకోని పోదామన్నాడు. పండ్లు టకటకా కొట్టుకుంటాండాయి, దావ మాత్రం చెప్తానే ఉండాడు.

నేను సరే అన్నా. అంత చదువూ చదివి సరే అన్నా.

కారు జిలానీ తోలినాడు. ఇరవై ఏండ్లుగా మా కారు తోలేది ఆ పిలగాడే, పిలగాడంటే ఇప్పుడు వాడికీ నలభై దాటినాయి. కమలాపురం దాటేసరికి ఈయప్ప మాటలు తడబడినాయి. నాయనా, రెండు గొర్లు తక్కువొచ్చినాయి అన్నాడు నాతో. వేంపల్లె దాటినాక అదీ లేదు. పిలిస్తే పలకలేదు. పులివెందులలో ఏదో ఒక ఆసుపత్రికి పోనీ జిలానీ, ఇంక ఈయప్ప మాట వినొద్దు అన్నా. ఊర్లోకి తిరిగినామో లేదో దావ నిండా జనం, జెండాలు, డప్పులు. ఊరేగింపు. జిలానీ స్టీరింగు మీద చేతులు పెట్టి అట్లనే ఉండిపోయినాడు.

"అత్తా, వాళ్లదే" అన్నాడు మెల్లగా.

ముందర జీపు పక్కన నడుస్తాండాడు చిన్నసుబ్బయ్య. ముసలోడైపోయినాడు. తెల్ల తలపాగా, భుజాన వాళ్ల పార్టీ కండువా. నేను ఆయన్ను ఇంత దగ్గరగా చూసింది లేదు. కారు దిగి జనంలోంచి తోసుకోని పోయినా. ఎవురో నన్ను గుర్తుపట్టి గుసగుసలాడినారు.

"మామా, నేను పుల్లన్న పెండ్లాన్ని. కారులో ఆయప్ప ఉండాడు. క్యాన్సరు. ఒంట్లో కాపు లేదు, జ్వరం మీద ఉండాడు, పలకడంలేదు. దావ కావాల."

నాలుగు నెలలు దాచిన సంగతంతా ఒక్క గుక్కలో, చెప్పకూడని మనిషికి చెప్పేసినా. ఆయన నన్ను చూసినాడు. కారు కాడికొచ్చి వంగి లోపలికి చూసినాడు. శానాసేపు చూసినట్టనిపించింది. ఆ కాసేపట్లో నేను అనుకోకూడనివన్నీ అనుకున్నా. అప్పుడు భుజం మీది కండువా తీసి జేబులో పెట్టుకోని, ముందు తలుపు తెరిచి జిలానీ పక్కన కూర్చున్నాడు.

"పోనీరా. నన్ను చూస్తే ఇడుస్తారు."

ఇడిసినారు. అంత జనమూ రెండుపక్కలా జరిగింది. ఆసుపత్రి గేటు కాడ ఆయనే దిగి డాక్టరును కేకేసినాడు, సూది పడిందాకా వరండాలో నిలబడినాడు. నేను బయటికొచ్చి చూసేటప్పటికి లేడు. తెల్లకణాలు దాదాపు లేవని రక్తపరీక్షలో వచ్చింది. ఇంకొంచెం ఆలస్యమైతే చేసేదేం లేదని ఆడున్న డాక్టరు అన్నాడు. అంబులెన్సులో బెంగుళూరికి పంపినారు.

మర్నాడు కండ్లు తెరిచి మొదట అడిగింది, ఏ దావన వచ్చినాం అని. చుట్టుదావనే అన్నా.

ఫిబ్రవరి 27

ఊర్లోకి ఎవురూ దిగలేదు. పార్టీ వాళ్లు ఇంటికొచ్చి నడుము నొప్పి ఎట్లుందని అడిగి పోయినారు. ప్రొద్దుటూరు బజారులో ఇంకా నడుము నొప్పే నడుస్తాంది. అంటే ఆయన ఎవురితోనూ అనలేదు. తన మనుషుల నోళ్లు కూడా మూసినట్టుండాడు. ఎందుకో నాకు అంతుబట్టలేదు.

ఈయప్పకు చెప్పలేదు. చెప్పను కూడా.

మార్చి 22

గడ్డ తగ్గింది! రక్తనాళం నుంచి కొంచెం జరిగింది. కోయొచ్చంట.

జ్వరమొచ్చినప్పటి నుంచి ఈయప్ప తేదీలు జరపడంలేదు. నోటితో చెప్పడు, ఆ పొద్దు తెల్లారి చొక్కా తొడుక్కోని కూర్చుంటాడు, అంతే. దావ మాత్రం ప్రతిసారీ వేరే.

ఏప్రిల్ 18

మొన్న ఆపరేషను అయింది. పొద్దున లోపలికి తీసుకపోతే సాయంత్రమైంది. క్లోమం తల, చిన్నపేగు కొంత, పిత్తాశయం తీసేసి మిగిలినవన్నీ మళ్లీ కుట్టినారంట. ఆ బొమ్మ నేను బోర్డు మీద ఎన్నిసార్లు గీసి చెరిపినానో.

నాకు భయం లేదని ఇదివరకు రాసినా కదా. అబద్ధం. శానా భయం.

మే 8

ఈ పొద్దు చూసింది ఎట్ల రాయాలో తెలీడంలేదు.

కుట్లు చూపించేకి పోయినాం. మైమూన్ కనపడి, మేడం, ఒకసారి మా గదికి వస్తారా, మీకొకటి చూపించాల అన్నాది. ఈయప్ప కూడా వస్తానన్నాడు. పొట్టకు బెల్టు కట్టుకోని గోడ పట్టుకోని నడిచినాడు. మైమూన్ మైక్రోస్కోపు కింద అద్దపు పలక పెట్టింది. అది ఈయప్ప గడ్డ. సగం సంవత్సరం మా ఇంట్లో కూర్చున్న శని, వెంట్రుకంత పలచగా కోసి, గులాబీరంగు పూసి, నా కంటి ముందర.

మొదట అంతా గులాబీరంగు నారే. మందు దెబ్బకు సచ్చిన జాగా ఇది అన్నాది. యాడో ఒక మూల గడ్డకణాలు ఇంకా కొన్ని బతికుండాయి, వంకరటింకరగా. మైమూన్ పలకను కొంచెం జరిపింది.

ఊదారంగు. గుండ్రంగా, ఒత్తుగా, వేలకొద్దీ కణాలు ఒకచోట కూడినాయి. నడిమిట్ల కొంచెం తెల్లగా. దాని సుట్టూ చీకటిగా ఒక వలయం. ఇరవై ఆరేండ్లు చెప్పిన బొమ్మ, నేను గుర్తుపట్టనా.

"ఇది లింఫ్ గ్రంథి కదమ్మా" అన్నా.

"కాదు మేడం. ఇది గడ్డ అంచు. ఈడ లింఫ్ గ్రంథి ఉండదని మీరే కదా మాకు చెప్పినారు. ఇది పుట్టుకతో వచ్చింది కాదు. గడ్డ పెరిగినాక, దాని పక్కనే కొత్తగా కట్టుకున్నారు."

కట్టుకున్నారు అన్నాది, మనుషుల్ని అన్నట్టు. నేను మళ్లీ కన్ను ఆనించినా. నడిమిట్ల తెల్లగా ఉండేది కొత్త కణాలకు గడ్డను గుర్తుపట్టడం నేర్పే జాగా అంట. సుట్టూ ఉన్నవి వేరే రకం, నేరుగా పోయి కొట్లాడేవి. క్లోమంలో పెరిగే గడ్డ తన సుట్టూ గట్టి నార కట్టుకుంటాదంట, కాపుకణాలను దగ్గరికి రానియ్యదంట. దాని మీద నాలుగు నెలలు మందు వాన. మంచీచెడ్డా చూడకుండా అన్నిటినీ చంపే మందు. అన్నీ ఓర్చుకోని ఇవి ఆడ నిలబడినాయి. ఫిబ్రవరిలో తెల్లకణాలు లేవని డాక్టరు చెప్పినప్పుడు నేను వరండాలో గోడకు తల కొట్టుకున్నా. అవి వేరే రకం కణాలని నాకు తెలుసు. అయినా, నేను ఆడ ఏడుస్తాంటే ఈడ ఇంత పని జరుగుతా ఉందా! నేను పిల్లోళ్లకు చెప్పింది ఉత్త బొమ్మ. మన ఒంట్లో మనకు తెలియకుండా ఇంత పెద్ద సంసారం ఉంది.

ఇవి ఉన్నోళ్లు మిగతావాళ్లకన్నా ఎక్కువ కాలం బతుకుతాండారని కొన్ని చోట్ల చూసినారంట. కీమో పడినాక కూడా ఇట్ల నడిమిట్ల తెల్లగా, పూర్తిగా తయారైనవి మిగిలితే మంచి గుర్తంట. "కానీ మాటివ్వలేను మేడం" అన్నాది మైమూన్. ఇంకా అందరూ చూస్తానే ఉండారంట, మామూలు రిపోర్టులో దీన్ని రాయరంట. మీరు మా మేడం కాబట్టి పిలిచినా అన్నాది. నేను ఆ బిడ్డ చెయ్యి పట్టుకున్నా.

ఈయప్ప నన్ను జరగమన్నాడు. వంగలేక వంగి కన్ను ఆనించినాడు. శానాసేపు లేవలేదు. పొట్ట నొప్పి పుడుతాదప్పా అన్నా, వినలేదు.

"ఇది రొప్పం" అన్నాడు.

మైమూన్‌కు అర్థం కాలేదు. ఈయప్ప కన్ను తీయకుండానే చెప్తాండాడు. పిల్లలు నడిమిట్ల, సుట్టూ తల్లులు, అంచున పొట్టేండ్లు, ఇదో ఈ సందు గొర్లు దూరే జాగా అని. మైమూన్ కూడా వంగి చూసి, ఆ సందు రక్తనాళం మామా, కొత్తవి దాంట్లోంచే లోపలికొస్తాయి అన్నాది. ఈయప్ప అప్పుడు తలెత్తినాడు. కండ్లు తడిగా ఉండాయి. అద్దంలోకి అంతసేపు చూసినందుకని చెప్తే నమ్ముదును.

"ఈడ వేయమని వీటికి ఎవురు చెప్పినారమ్మా?"

"ఎవురూ చెప్పలేదు మామా. ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి, అంతే. పైనుంచి చెప్పేవాళ్లు ఉండరు."

నలభై ఏండ్లు ఎవుర్ని యాడ నిలబెట్టాల్నో చెప్తా బతికిన మనిషి. ఎవురూ చెప్పలేదా అని మళ్లీ అడిగినాడు. ఎవురూ చెప్పలేదు అని ఆ బిడ్డ మళ్లీ చెప్పింది.

మే 9

పొద్దున బెంగుళూరు గదిలో ఇడ్లీ తినిపిస్తాంటే ఉన్నట్టుండి అన్నాడు.

"ఆ జ్వరం పొద్దు కారు ముందు సీట్లో తెల్ల తలపాగా చూసినా. ఎవురిదో నాకు తెలుసు."

అన్ని నెలలు కడుపులో పెట్టుకోని, చుట్టుదావనే వచ్చినామన్న నా మాటకు తల ఊపుతా ఉండాడు! ఇద్దరం ఒకరికి తెలియకుండా ఒకరం ఒకే సంగతి దాచుకున్నాం. కోపమొచ్చింది, నవ్వూ వచ్చింది.

"ఆయనకు ఎవురు చెప్పినారు?" అన్నాడు.

"ఎవురూ చెప్పలేదు. ఆయనే ఎక్కి కూర్చున్నాడు" అన్నా.

ఇడ్లీ మొత్తం తిన్నాడు.

మే 13

వచ్చి ఓట్లు వేసినాం. వేలిసిరా చూసుకోని ఈయప్ప పడుకున్నాడు. ఊర్లో మీసాలు మెలేసినారు, ఒకరిద్దరి తలకాయలు పగిలినాయంట. నడుము నొప్పి కాదని పార్టీ వాళ్లకు తనే చెప్పినాడు. ఒకాయప్ప ఏడ్చినాడు. ఇంకొకాయప్ప మండలంలో నీ జాగా ఎవురికిస్తావని అడిగినాడు.

జూన్ 4

ఫలితాలు. వీధిలో టపాసులు. ఈయప్ప పెరుగన్నం తిని, టీవీ శబ్దం తగ్గించమన్నాడు.

జూన్ 14, శుక్రవారం

ఆపరేషను తర్వాత మిగిలిన కీమో ఉంది. ఆసుపత్రి వాళ్లు తేదీ పంపినారు. తేదీ చూసినా. శనివారం. మా మామ పోయినప్పటి నుంచి మా ఇంట్లో శనివారం గడప దాటేది లేదు. ఇంకో రోజు అడుగుదామా అని నేనే అన్నా, ఈసారి నేనే.

సాయంత్రం జిలానీ వచ్చి, ఎప్పుడూ అడిగినట్టే చెవి కాడ వంగి, ఎప్పుడు మామా అన్నాడు. వాకిట్లో నలుగురు కూర్చోని ఉండారు. ఈయప్ప వాడికి జవాబు చెప్పకుండా ఫోను తీసినాడు. ఆ నంబరు యాడ సంపాదించినాడో, ఎన్ని రోజులుగా జేబులో పెట్టుకోని తిరుగుతాండాడో నాకు తెలీదు. అవతల ఎవురో ఎత్తినారు. ఈయప్ప గొంతు సవరించుకున్నాడు. మీటింగుల్లో మాట్లాడే గొంతు కాదు.

"చిన్నసుబ్బయ్య మామా, నేను పుల్లన్నను. రేపు శనివారం పొద్దున ఆరు గంటలకు బయల్దేరుతాండాం. ముద్దనూరు మీద పులివెందులకు, నేరుదావనే. ఆడ ఆగి టీ తాగి పోతాం."

అవతల ఆయన ఏమన్నాడో నాకు వినపడలేదు. ఒకటి రెండు మాటలన్నట్టుంది. ఈయప్ప ఊ అన్నాడు, ఫోను పెట్టేసినాడు. జిలానీ నన్ను చూసినాడు. కారు కడుక్కోపోరా, విన్లేదా ఆరు గంటలకని అన్నా.

ఎంత కాలముంటాడో నాకు తెలీదు. మైమూన్ కూడా మాటివ్వలేదు.

రేపు బెంగుళూరికి పోతాండాం.